వాకిలి తెరచిన నటి – హాటీ మెక్‌డేనియల్

1939 డిసెంబరు 15వ తేదీన అమెరికాలోని అట్లాంటా నగరం పండుగ శోభతో కళకళలాడింది. ‘గాన్ విత్ ద విండ్’ చలనచిత్రపు తొలి ప్రదర్శన ఆనాడు అక్కడ జరిగింది. నటీనటులను చూడడానికి జనం వీధుల వెంట బారులు తీరారు. అయితే ఆ చిత్రంలో మామీ అనే దాసి పాత్రను అద్భుతంగా పోషించిన హాటీ మెక్‌డేనియల్ ఆ వేడుకలో లేదు. జార్జియా రాష్ట్రపు వర్ణవివక్ష శాసనాలు నల్లజాతి వారిని తెల్లవారి సరసన కూర్చోనిచ్చేవి కావు. తెర మీద ఆమె రూపం కదలాడింది. ఆమెకు మాత్రం ఆ మందిరంలో చోటు లేకపోయింది.

ఇటువంటి వైపరీత్యం తెలుగువారు ఎరుగనిది కాదు. కృష్ణా జిల్లాకు చెందిన గూడవల్లి రామబ్రహ్మం అస్పృశ్యతను నిరసిస్తూ ‘మాలపిల్ల’ చిత్రాన్ని తీసినది 1938లోనే. గుర్రం జాషువ ‘గబ్బిలం’ కావ్యం 1941లో వెలువడింది. గుడిలో అడుగుపెట్టే అర్హత లేని అభాగ్యుడు, ఆ గుడిలోకి నిరాటంకంగా వెళ్ళగల గబ్బిలంతో తన మొరను శివునికి పంపుకోవడం ఆ కావ్యంలోని ఇతివృత్తం. అక్కడ గబ్బిలానికున్న ప్రవేశం మనిషికి లేదు. అట్లాంటాలో నీడకున్న ప్రవేశం నటికి లేదు.

హాటీ పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకంలో, జూన్ 10వ తేదీన, కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా పట్టణంలో జన్మించింది. తండ్రి హెన్రీ బానిసగా పుట్టి, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేన పక్షాన పోరాడినవాడు. తల్లి సూసన్ భక్తిగీతాలు పాడేది. పదమూడుమంది సంతానంలో హాటీ కడగొట్టు బిడ్డ. కుటుంబం కొలరాడో రాష్ట్రానికి తరలిపోగా ఆమె డెన్వరులో చదువుకొంది. అక్కడే 1910లో పద్యపఠన పోటీలో పతకం గెలుచుకొంది. తరువాత చదువు మానివేసి, సోదరుడు నడిపే నాటక బృందంలో చేరింది. పాటలు రాసింది, పాడింది, ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చింది.

1929లో వచ్చిన ఆర్థిక మాంద్యం ఆమె జీవనోపాధిని దెబ్బతీసింది. మిల్వాకీ నగర సమీపంలోని ఒక వినోదశాలలో స్నానాల గది పరిచారికగా కుదురుకొంది. పాట పాడే అవకాశం అక్కడే దక్కగా, ఆ వేదిక మీదనే గాయనిగా రాణించింది. 1931లో లాస్ ఏంజిలస్ చేరింది. రేడియోలో పాడుతూనే, ఆ రాబడి చాలక ఇళ్ళలో పనిమనిషిగా ఊడిగం చేసింది. క్రమంగా చిత్రాలలో వేషాలు దొరకసాగాయి. అవీ పనిమనిషి వేషాలే. బ్రతుకులోనూ తెర మీదనూ ఆమెకు లోకం చూపిన వాకిలి ఒక్కటే.

ఆ ఇరుకు వాకిలి గుండానే ఆమె ప్రతిభ వెలుగు చూసింది. 1940 ఫిబ్రవరి 29న జరిగిన అకాడమీ సభలో మామీ పాత్రకు ఉత్తమ సహాయనటి బహుమతి లభించింది. ఆస్కార్ పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమెయే. కాని ఆ సభ జరిగిన అంబాసిడర్ హోటలు నల్లజాతి వారిని రానిచ్చేది కాదు. ప్రత్యేకంగా అనుమతి సంపాదించవలసి వచ్చింది. సహనటులతో కలిసి కాక, గోడవారగా వేసిన చిన్న బల్ల వద్ద ఆమెను కూర్చోబెట్టారు. అక్కడి నుండి లేచి వచ్చి ఆమె బహుమతి స్వీకరించింది.

ఆ గౌరవం తరువాత కూడా ఆమెకు వచ్చినవి ప్రధానంగా పనిమనిషి పాత్రలే. వాటిని అంగీకరించడం జాతికి అవమానకరమని నల్లజాతి హక్కుల సంస్థ కార్యదర్శి వాల్టర్ వైట్ వంటివారు విమర్శించారు. నిజంగా పనిమనిషిగా బ్రతకడం కన్న ఆ వేషం వేసి గౌరవంగా సంపాదించుకోవడం మేలని ఆమె సమాధానమిచ్చినట్లు చెబుతారు. ఇరువైపులా న్యాయముంది. బానిసత్వాన్ని సుఖమయంగా చూపే చిత్రాలు జాతిని గాయపరిచాయన్నది నిజం. వేరొక పాత్ర ఆమెకు ఇచ్చేవారు లేరన్నదీ నిజమే. తప్పు నటిది కాదు, ఆమె కోసం మరొక పాత్రను ఊహించలేకపోయిన పరిశ్రమది.

తెర వెలుపల మాత్రం ఆమె తలవంచలేదు. లాస్ ఏంజిలస్‌లోని షుగర్ హిల్ ప్రాంతంలో ఆమె ఇల్లు కొనుక్కొంది. నల్లజాతి వారు అక్కడ నివసించరాదని ఇరుగుపొరుగు తెల్లవారు న్యాయస్థానానికెక్కారు. ఆమె, తోటి నల్లజాతి గృహస్థులు ఏకమై ఎదురు నిలిచారు. 1945లో తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. అటువంటి నిషేధాలను న్యాయస్థానాలు అమలు చేయరాదని 1948లో మరొక వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు నిర్ణయించింది.

1952 అక్టోబరు 26న హాటీ రొమ్ము క్యాన్సరుతో మరణించింది. హాలీవుడ్ శ్మశానవాటికలో తనను ఖననం చేయాలన్నది ఆమె చివరి కోరిక. ఆ వాటికలోనూ వర్ణవివక్ష అడ్డుపడింది. రోజ్‌డేల్ వాటికలో ఆమెను సమాధి చేశారు. హాలీవుడ్ వాటికలో ఆమె స్మారకశిల వెలసినది 1999లో. ఆమె హోవార్డ్ విశ్వవిద్యాలయానికి రాసి ఇచ్చిన బహుమతి ఫలకం కాలక్రమంలో కనిపించకుండా పోయింది. 2023లో అకాడమీ దాని స్థానంలో మరొక ఫలకాన్ని ఆ విశ్వవిద్యాలయానికి అందజేసింది.

హాటీ తరువాత 1964లో సిడ్నీ పోయిటియర్ ఉత్తమ నటుడుగా, 1991లో హూపీ గోల్డ్‌బర్గ్ ఉత్తమ సహాయనటిగా, 2002లో హాలీ బెర్రీ ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకొన్నారు. నటనకుగాను ఒక నల్లజాతి స్త్రీకి ఆ బహుమతి రెండవసారి దక్కడానికి యాభై యేళ్ళకు పైగా పట్టింది. తలుపు తెరుచుకోవడం వేరు, అది అందరికీ తెరిచి ఉండడం వేరు. మొదటిదానిని తన ప్రతిభతో సాధించి, రెండవదానికై నిరీక్షిస్తూ కన్నుమూసిన కళాకారిణి హాటీ మెక్‌డేనియల్.