ఐదు పౌండ్ల అప్పుతో మొదలైన బొమ్మకార్లు

పాత రేసుకార్ల చిన్న నమూనాలను సేకరించడం చాలా దేశాల్లో పెద్దవాళ్లకు కూడా తీరని సరదా. ఫెరారీ, మజెరాటీ కార్లు అరచేతిలో ఇమిడేంత లోహపు బొమ్మలై అద్దాల బీరువాల్లో కొలువుంటాయి. ఈ సరదాకు దారి వేసినవారిలో ముఖ్యుడు ఒక గుమాస్తా. ఆయన పేరు ఫ్రాంక్ హార్న్‌బీ.

ఆయన 1863 మే 15న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టారు. తండ్రిది సరుకుల వ్యాపారం. ఫ్రాంక్ అక్కడే లెక్కలు చూసేవారు. 1899లో తండ్రి చనిపోయి వ్యాపారం మూతపడింది. మాంసం దిగుమతి చేసుకునే డేవిడ్ ఎలియట్ దగ్గర జమాఖర్చులు రాసే ఉద్యోగంలో చేరారు. ఇంజనీరింగు చదువుకోలేదు.

ఇంటికొచ్చాక కొడుకుల కోసం రేకు కత్తిరించి బొమ్మ క్రేన్లు, వంతెనలు చేసేవారు. ప్రతి బొమ్మకూ కొత్త ముక్కలు కోయాలి. మనలో చాలామందిమి తెగిన హవాయి చెప్పులు గుండ్రంగా కోసి చక్రాలు చేసుకున్నవాళ్లమే కదా. ఆ ముక్క ఇంకో బండికి పనికొచ్చేది కాదు. హార్న్‌బీకి తట్టింది సరిగ్గా ఇక్కడే. ప్రతి రేకు ముక్కకూ అర అంగుళానికొక రంధ్రం పెడితే, నట్లు, బోల్టులతో బిగించి క్రేను చేయవచ్చు, దాన్నే విప్పి వంతెన చేయవచ్చు. పేటెంటు ఖర్చుకు డబ్బు లేదు. యజమాని ఎలియట్ ఐదు పౌండ్లు అప్పిచ్చారు. 1901లో పేటెంటు వచ్చింది. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు ఆచార్యుడు హీలీషా ఆ బొమ్మను మెచ్చుకుంటూ లేఖ రాసి ఇచ్చారు. నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

1907లో దానికి 'మెకానో' అని పేరు పెట్టారు. 1914లో బిన్స్ రోడ్డులో ఫ్యాక్టరీ, 1920లో బొమ్మ రైళ్లు వచ్చాయి. 1931 నుంచి 1935 వరకు ఆయన పార్లమెంటు సభ్యులు కూడా.

కార్లు పుట్టింది రైళ్ల పక్కనే. బొమ్మ స్టేషను ముందు నిలపడానికి 1933లో చిన్న వాహనాలు పోతపోశారు. 1934లో వాటికి 'డింకీ టాయ్స్' అని పేరొచ్చింది. ఆ ఏడాదే అందులో ఒక రేసుకారు చేరింది. ఈనాడు సేకర్తలు వాడే 43వ వంతు కొలత కూడా ఆ రైళ్ల నుంచి వచ్చిందే. అసలు కారు నాలుగు మీటర్లుంటే బొమ్మ తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది.

ఆ తొలి బొమ్మల్లో ఒక లోపం ఉంది. జింకు మిశ్రమంలో కొద్దిగా సీసం కలిస్తే చాలు, ఏళ్లు గడిచేకొద్దీ లోహం ఉబ్బి, బీటలువారి, పొడిపొడి అవుతుంది. జాగ్రత్తగా దాచినవీ అలాగే పోతాయి. అందుకే ఆ కాలపు రేసుకారు చెక్కుచెదరకుండా దొరకడం అరుదు.

హార్న్‌బీ 1936 సెప్టెంబరు 21న మరణించారు. సేకర్తలు ఇష్టపడే ఫెరారీ, మజెరాటీ, ఆల్ఫా రోమియో బొమ్మలు అదే ఫ్యాక్టరీ నుంచి 1950ల్లో వచ్చాయి. వాటిని ఆయన చూడలేదు. ఆ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది.