గోదావరి గట్టున ఒక చిత్రకళాశాల

ధవళేశ్వరపు ఆనకట్టకు ఎగువన గోదావరి అఖండముగా నున్నంతవరకు దాని గట్టున నున్న పెద్దపట్టణము రాజమహేంద్రవరము. ఆనకట్ట దాటిన పిమ్మట నది పాయలుగా చీలి, గౌతమీ వసిష్ఠల నడుమ కోనసీమకు రూపమిచ్చినది. అమలాపురమున 1951లో కళాశాల వెలయుటకు పూర్వము కోనసీమ బాలురు పై చదువులకై రాజమహేంద్రవరమో కాకినాడయో చేరవలసివచ్చెడిది. అట్లు రాజమహేంద్రవరము చేరినవారికి 1922 ప్రాంతము మొదలు పాఠ్యపుస్తకములకు వెలుపలి విద్య యొకటి కంటబడుచుండెను. అది దామెర్ల రామారావు నెలకొల్పిన చిత్రకళాశాల. దానిని ఆయన స్వయముగా నడపినది మూడేండ్లకు మించదు. ఆయన లేకుండ అది నడచిన కాలము మాత్రము దీర్ఘమైనది. ఈ జీవితకథలో ఆలోచింపదగిన యంశము అదియే.

రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. బాల్యమునుండి ఆయన చేతికి బలపము దొరికినచో అది అక్షరములకంటె ఆకారములనే యెక్కువగా వ్రాసెడిది. ఇట్టి పిల్లలు ఏ యూరనైనను నుందురు. వారిని గుర్తించు కన్నులే అరుదు. రామారావు అదృష్టవశమున ఆ కాలమున రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాచార్యుడుగా నుండెను. ఆయన కవి, చిత్రలేఖనము తెలిసినవాడు, విద్యార్థులతో కలసిమెలసి తిరుగువాడు. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు మున్నగువారికి సాహిత్యమునందును కళలయందును అభిరుచి గలిగించినవాడు ఆయనయే. రామారావులోని ప్రతిభను కనిపెట్టి అజంతా గుహలను చూపించి, బొంబాయిలోని జె. జె. కళాపాఠశాలలో చేరుటకు ప్రోత్సహించినవాడును ఆయనయే.

ఆనాటి తెలుగుదేశమున చిత్రకళ యెట్లుండెనో జ్ఞప్తికి తెచ్చుకొనినగాని ఈ ప్రయాణపు విలువ తెలియదు. మధ్యతరగతి గృహముల గోడలపై రవివర్మ ముద్రణాలయమునుండి వచ్చిన లక్ష్మీ సరస్వతుల పటములు వ్రేలాడుచుండెను. జమీందారులు తమ నిలువెత్తు చిత్తరువులు వ్రాయించుకొనుచుండిరి. పాఠశాలలలో డ్రాయింగు మాస్టరు కూజాను, గిన్నెను బల్లపై నుంచి గీయించుచుండెను. బొమ్మలు వ్రాయుట వృత్తిగా పెట్టుకొందునని పెద్దకుటుంబపు కుర్రవాడు చెప్పినచో ఇంటిల్లిపాదికిని దిగులు పట్టెడి కాలమది.

రామారావు 1916లో బొంబాయి చేరి 1920లో ఉన్నతశ్రేణిలో విద్య ముగించెను. అక్కడ మనుష్యదేహ నిర్మాణమును, తైలవర్ణముల వాడుకను, జీవించియున్న మనిషిని ఎదుట నిలుపుకొని వ్రాయుటను శ్రద్ధగా నభ్యసించెను. గుజరాతు, కాఠియవాడ ప్రాంతములలో పర్యటించి అక్కడి స్త్రీల వేషభూషలను, నడకలను రేఖాచిత్రములుగా సేకరించెను. కలకత్తా వెళ్లి వంగీయ చిత్రకారుల పద్ధతిని పరిశీలించెను. ఆయన వ్రాసిన ఋశ్యశృంగ బంధనము కలకత్తా ప్రదర్శనమున బహుమానము పొందుటతో తెలుగు చిత్రకారుని పేరు దేశమున వినవచ్చినది.

ఇంతటి పేరు వచ్చినవాడు బొంబాయిలోనే నిలిచియుండవచ్చును. చిత్రములు కొనువారు, వానిని గూర్చి వ్రాయు పత్రికలు, సాటి కళాకారులు అందరును అక్కడనే యుండిరి. రాజమహేంద్రవరమున ఇవి యేవియు లేవు. రంగులు, కాన్వాసు గూడ దూరపు నగరములనుండి తెప్పించుకొనవలసినదే. అయినను రామారావు స్వస్థలమునకే మరలివచ్చెను. దీనిని కేవలము ఊరిమీది మమకారమని తలచుట తొందరపాటు. తాను నేర్చిన విద్య తనతోనే యాగిపోరాదని, తెలుగువారి చిత్రకళ తెలుగు గడ్డమీదనే పెరుగవలెనని ఆయన నమ్మినట్లు తరువాతి పనులవలన తెలియుచున్నది.

చిత్రకళాశాలతోపాటు ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ అను సంఘమును గూడ మిత్రులతో గలసి ఆయన స్థాపించెను. ఈ జంట యేర్పాటు ఆలోచించి చేసినది. కళాశాల చిత్రకారులను తయారుచేయును. సంఘము ప్రదర్శనముల మూలమున చూచువారిని తయారుచేయును. చూచువారు లేని యూర వ్రాయువాడు ఎంతకాలము నిలువగలడు? కళను గూర్చి మాటలాడునప్పుడు ధనము ప్రసక్తి తెచ్చుట కొందరికి రుచింపదు. కాని ఇంటి యద్దె, రంగులు, చట్రములు, దీపపు నూనె ఇవన్నియు డబ్బుతో వచ్చునవే. అట్టి సంస్థకు ఆధారము ఒక కుటుంబపు ఓర్పు, కొందరు స్నేహితుల చేయూత తప్ప వేరేమి యుండును?

ఆ దినములలో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుడు వంగీయ పద్ధతిని బోధించుచుండెను. పలుచని నీటిరంగులు, మసకవెలుతురు, భావమునకు ప్రాధాన్యము ఆ మార్గపు లక్షణములు. రాజమహేంద్రవరపు దారి వేరు. అజంతా రేఖను విడువకుండ, బొంబాయిలో నేర్చిన దేహజ్ఞానమును దానికి జోడించి, ఎదుట కనబడు తెలుగు మనిషిని, తెలుగు నేలను వ్రాయవలెనని రామారావు శిష్యులకు నేర్పెను. పుష్పాలంకరణము, సిద్ధార్థ రాగోదయము, నందిపూజ, కార్తిక పూర్ణిమ మున్నగు చిత్రములలో ఈ మేళవింపు స్పష్టముగా గానవచ్చును. పురాణకథను వ్రాసినప్పుడు గూడ అందలి స్త్రీలు నిలుచుండు తీరు, కొప్పు ముడిచిన విధము గోదావరి రేవులో చూచినట్లే యుండును. వంగీయ మార్గమును తక్కువ చేయుట ఎవరికిని తగదుగాని, తెలుగువారి రూపురేఖలకు రామారావు కుంచెలోనే యెక్కువ చోటు దొరకినదనుట సత్యము.

ఈ కళాశాలలో మరియొక విశేషము గలదు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఇరువురును చిత్రలేఖనము నేర్చిరి. గృహస్థ స్త్రీ కుంచె పట్టుట వింతగా తోచెడి దినములలో ఇది సామాన్యమైన సాహసము కాదు. ఇంటిలోనివారికి నేర్పిన ఈ విద్యయే తరువాత సంస్థకు ప్రాణమైనది.

1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికము సోకి రామారావు మరణించెను. అప్పటికి ఇరువది యెనిమిదేండ్లు నిండుటకు ఒక మాసము తక్కువ. మశూచికమునకు టీకా యెరుగని కాలము కాదు. అయినను ఆ వ్యాధి ఊళ్లను తుడిచిపెట్టుచునే యుండెను. బొంబాయి చదువు ముగిసి అయిదేండ్లు, కళాశాల పెట్టి మూడేండ్లు! గోడలనిండ చిత్రములు, పెట్టెలనిండ రేఖాచిత్రముల పుస్తకములు, సగము నేర్చిన శిష్యులు మిగిలిరి.

స్థాపకుడు పోయినంతనే మూతపడిన సంస్థలు మనదేశమున కొల్లలు. ఇదియు అట్లే ముగిసినచో ఆశ్చర్యపడువారుండరు. చిత్రములను విడివిడిగా అమ్మివేసినచో కుటుంబమునకు కొంత ధనము చేకూరెడిది, కాని కొన్నియేండ్లలో ఏ చిత్రము ఎవరియింట నున్నదో తెలియకపోయెడిది. ఆ ఇంటి స్త్రీలు, మిత్రులు అందుకు ఒడిగట్టలేదు. చిత్రముల నొక్కచోట నిలిపి ఆయన పేరిట స్మారక చిత్రశాలగా రూపొందించిరి. కళాశాల భారమును ఆయన మిత్రుడు వరదా వెంకటరత్నము వహించెను. ఈయన స్వయముగా ప్రతిభగల చిత్రకారుడు. తన పేరు పెంచుకొనుటకు వినియోగింపదగిన కాలమునెల్ల మిత్రుని సంస్థకు ధారపోసెను. 1963లో మరణించు పర్యంతము రాజమహేంద్రవర చిత్రకళకు ఆయన ఆధారస్తంభముగా నుండెను. చామకూర భాష్యకార్లు, చామకూర సత్యనారాయణ మున్నగువారు ఈ సంప్రదాయమున వచ్చినవారే. రామారావు పేరు చెప్పునప్పుడు వెంకటరత్నము పేరు మరచుట మనకు అలవాటైనది. స్థాపించినవానికి విగ్రహమును, నడపినవానికి మౌనమును ఇచ్చుట న్యాయము కాదు.

క్రమముగా ఆ చిత్రశాలయు పాఠశాలయు ప్రభుత్వాధీనమైనవి. గోదావరి స్టేషను సమీపమున నున్న ఆ భవనమున రామారావు తైలవర్ణ చిత్రములు, నీటిరంగుల చిత్రములు, పెన్సిలు రేఖలు భద్రపరుపబడినవి. నూరేండ్ల నాటి కాన్వాసుకు నదీతీరపు తేమ మంచిది కాదు. వానిని కాపాడుటయు చిత్రములు వ్రాయుటవలెనే నేర్పుతో గూడిన పని, అంతకంటె ఓర్పు గోరుపని.

నదికి దిగువన గూడ ఆ గాలి సోకినది. అమలాపురమున కోనసీమ చిత్రకళా పరిషత్తు వెలసి, చిత్రప్రదర్శనములు జరుపుటకు పూనుకొన్నది. కొబ్బరితోటల నడుమ, కాలువగట్ల వెంబడి బడికి పోవు పిల్లలు దేశదేశముల చిత్రకారుల పనిని తమ యూరనే చూడగలిగిరి. రాజమహేంద్రవరమునకు వచ్చు విద్యార్థులను వారి ఉపాధ్యాయులు పుష్కరరేవునకు, కోటిలింగాలరేవునకు తప్పక తీసికొని పోవుదురు. గోదావరి స్టేషనులో దిగినవారికి దామెర్ల చిత్రశాల కొద్దిపాటి నడకలోనే యున్నది.