రైలెక్కి స్వేచ్ఛ పొందిన ఫ్రెడరిక్ డగ్లస్

ఏటా నవంబరు రాగానే మనం బతికే ఉన్నామని రుజువు ఇచ్చుకుంటాం. మనిషి బతుకును కాగితం ఎంతగా శాసిస్తుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. అటువంటి కాగితం ఒకటి చేతబట్టుకుని, రైలెక్కి బానిసత్వం నుండి బయటపడిన మహనీయుడు ఫ్రెడరిక్ డగ్లస్.

ఆయన 1818లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో బానిసగా జన్మించారు. తల్లి వేరే పొలంలో పనిచేసేది. ఆయన పసితనంలోనే కన్నుమూసింది. బాల్టిమోర్ నగరంలో యజమానురాలు అక్షరాలు నేర్పబోతే భర్త అడ్డుపడ్డాడు. మిగతా చదువు ఆయన వీధి పిల్లల దగ్గర నేర్చుకున్నారు. పెద్దయ్యాక ఓడ చెక్కల సందులు పూడ్చే పని చేశారు. వారం కూలి మాత్రం యజమాని చేతిలో పెట్టవలసిందే.

ఆ రోజుల్లోనే అక్కడికి రైళ్లు వచ్చాయి. బాల్టిమోర్‌లో 1828 జూలై 4న రైలుమార్గానికి శంకుస్థాపన జరిగింది. దక్షిణాన చార్లెస్టన్ రేవు నుండి హాంబర్గ్ వరకు 136 మైళ్ల మార్గం 1833లో పూర్తయింది. అప్పటికి ప్రపంచంలో అంత పొడవైన మార్గం మరొకటి లేదు. బండ్ల మీద రోజుల తరబడి సాగే పత్తి రవాణా ఒక్క రోజు పని అయింది. కాని దక్షిణాది మార్గాలకు మట్టి తవ్వి, పట్టాలు వేసినవారిలో చాలామంది బానిసలు. యజమానులు వారిని కంపెనీలకు అద్దెకిచ్చి సొమ్ము తీసుకునేవారు. కొన్ని కంపెనీలు బానిసలను కొనుక్కున్నాయి కూడా. అమ్ముడైన బానిసలను అయినవాళ్లకు దూరం చేసి తీసుకుపోవడానికీ రైళ్లు వాడారు. రైలు వచ్చాక బానిసత్వం సడలలేదు, మరింత బిగిసింది. 1860 నాటికి ఆ దేశంలో బానిసలు దాదాపు 40 లక్షల మంది.

అయితే బాల్టిమోర్ నుండి ఉత్తరానికి 1837లో మొదలైన రైలే డగ్లస్‌కు దారి చూపింది. స్వతంత్రులైన నల్లజాతివారు సైతం తమ వయసు, రంగు, ఎత్తు, మచ్చలు రాసిన పత్రం చూపిస్తే గాని ప్రయాణం చేయనిచ్చేవారు కాదు. డగ్లస్ ఒక నావికుడి గుర్తింపు పత్రం అరువు తెచ్చుకున్నారు. అందులోని పోలికలు ఆయనకు సరిపడవు. ఆన్నా మర్రే అనే స్వతంత్రురాలు తాను దాచుకున్న డబ్బు ఇచ్చింది. తరువాత ఆమే ఆయన భార్య అయింది.

1838 సెప్టెంబరు 3న నావికుడి దుస్తుల్లో, స్టేషనులో టికెట్టు కొనకుండా, బండి కదిలే వేళకు ఎక్కారు. కండక్టరు వచ్చి పత్రం అడిగాడు, పైన ఉన్న డేగ ముద్ర చూశాడు, టికెట్టు డబ్బు తీసుకుని ముందుకు వెళ్లిపోయాడు. సస్క్వెహన్నా నది దగ్గర ఎదురుగా ఆగిన రైల్లో తనను ఎరిగిన ఓడ కెప్టెన్ కనిపించాడు గాని, ఇటు చూడలేదు. రైలు, పడవ, స్టీమరు, మళ్లీ రైలు మారి, ఇరవై నాలుగు గంటల లోపే న్యూయార్క్ చేరారు.

ఉత్తరాదిలోనూ వివక్ష తప్పలేదు. 1841లో మసాచుసెట్స్‌లో తెల్లవారి పెట్టె నుండి దిగనంటూ సీటు పట్టుకుంటే, సీటుతో సహా లాగి పడేశారు. ఆయన వెరవలేదు. 1847లో పత్రిక స్థాపించారు. రోచెస్టర్‌లోని తన ఇంట్లో, పారిపోయి వచ్చిన బానిసలకు ఆశ్రయమిచ్చి కెనడాకు పంపారు. ఇలా సాయపడే రహస్య ఏర్పాటుకు ప్రజలు రైలుమార్గమనే పేరు పెట్టారు. ఆశ్రయమిచ్చే ఇల్లు స్టేషను, దారి చూపేవారు కండక్టర్లు.

1845లో స్వీయచరిత్ర రాసినా, తాను ఎలా తప్పించుకున్నదీ చెప్పలేదు. తోడ్పడినవారికి శిక్ష పడుతుందని, వెనుక వచ్చేవారికి దారి మూసుకుపోతుందని వెరచారు. బానిసత్వం 1865లో రద్దయింది. ఆ కథను 1881లో వెల్లడించారు. 1895 ఫిబ్రవరి 20న కన్నుమూశారు.

సర్వీసు రిజిస్టరులో పుట్టుమచ్చల వివరాలు సరిచూడడం ఉద్యోగంలో నా పని. ఒక్క అక్షరం తేడా వస్తే కాగితం వెనక్కి పంపేవాడిని. ఆ కండక్టరు స్థానంలో నేనుంటే అడుగు వరకు చదివి ఉండేవాడినేమో! ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు గుండె జల్లుమంటుంది. ఆ కాగితం అరువిచ్చిన నావికుడికి, ఆన్నా మర్రేకు, డగ్లస్ మహాశయునికి నా నమస్సులు.