టైరుకు ఊపిరి పోసిన పశువైద్యుడు – జాన్ బాయిడ్ డన్‌లప్

గాలి లేని సైకిలు మీద రాళ్ల బాటలో నాలుగు అడుగులు వెళితే నడుము పని ఏమవుతుందో మన హాస్టల్ మిత్రులకు వేరే చెప్పనవసరం లేదు. 1880ల వరకు ప్రపంచంలో బండి ఎక్కిన ప్రతివాడి పరిస్థితీ దాదాపు అదే. చక్రానికి ఇనుప పట్టా ఉండేది, లేదా గట్టి రబ్బరు ఉండేది. ఆ కుదుపుల నుండి మనుషులను తప్పించిన వ్యక్తి వృత్తిరీత్యా పశువుల డాక్టరు. ఆయనే జాన్ బాయిడ్ డన్‌లప్.

డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండులోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో ఒక పొలం మీద జన్మించారు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివారు. కొన్నేళ్లు స్వదేశంలో పనిచేసి, 1867లో ఐర్లాండుకు వెళ్లి స్థిరపడ్డారు. తర్వాత బెల్‌ఫాస్ట్ నగరంలో ఆయన నడిపిన పశువైద్యశాలకు మంచి పేరు వచ్చింది.

ఆయన కుమారుడు జానీకి ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. రాళ్లు పరిచిన వీధుల్లో దానిని తొక్కడం ఆ పిల్లవాడికి కష్టంగా ఉండేది. కొడుకు ఇబ్బంది చూసిన డన్‌లప్ 1887లో తన ఇంటి పెరట్లోనే ఒక ప్రయోగం చేశారు. సుమారు మూడు అడుగుల వెడల్పు గల గుండ్రని చెక్క తీసుకున్నారు. పలుచని రబ్బరు షీటుతో గొట్టం చేసి, దానిలో గాలి నింపి, గుడ్డతో కప్పి ఆ చెక్క అంచుకు బిగించారు. తర్వాత జానీ సైకిలు చక్రాన్ని, ఈ కొత్త చక్రాన్ని అదే పెరట్లో దొర్లించి చూశారు. పాత చక్రం కొంత దూరం వెళ్లి ఆగిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి, గేటు స్తంభానికి తగిలి వెనక్కి ఎగిరింది.

ఆ తర్వాత ఆయన జానీ సైకిలు వెనుక చక్రాలు రెండింటికీ గాలి టైర్లు వేశారు. ముందు చక్రాన్ని అలాగే ఉంచారు. అంటే ఈ గాలి టైరు మొదటిసారి నడిచిన బండికే ముందు ఒక రకం, వెనుక మరొక రకం! అయినా బండి మునుపటికన్నా తేలికగా నడిచింది. ఆ ధైర్యంతో ఆయన పెద్ద సైకిలుకు టైర్లు తయారు చేశారు. 1888 డిసెంబరు 7న పేటెంటు లభించింది.

లావుగా ఉన్న ఆ టైర్లను చూసి జనం నవ్వారు. ఆ నవ్వుకు సమాధానం పందెంలో దొరికింది. విలియం హ్యూమ్ అనే సైకిలు క్రీడాకారుడు 1889 మే 18న బెల్‌ఫాస్ట్‌లో జరిగిన పోటీలలో గాలి టైర్ల సైకిలుపై పాల్గొని నాలుగు పందేలూ గెలిచాడు. అతని చేతిలో ఓడిపోయిన వారిలో హార్వే డు క్రో అనే వ్యాపారి కుమారులు కూడా ఉన్నారు. కుమారులు ఓడినందుకు ఆ తండ్రి అలిగి కూర్చోలేదు. ఓడించిన టైరు మీదనే పెట్టుబడి పెట్టారు. ఆ సంవత్సరమే డబ్లిన్‌లో కంపెనీ ప్రారంభమైంది. డన్‌లప్ తన పేటెంటును ఆయనకు అప్పగించి 1,500 వాటాలు తీసుకున్నారు.

ఇంతలో పిడుగులాంటి వార్త వచ్చింది. ఇదే ఆలోచనకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లాండు వ్యక్తి పేటెంటు తీసుకున్నారని తేలింది. ఆయన గాలి చక్రాలను 1847లో లండన్‌లో గుర్రపు బండ్లకు అమర్చి చూపించారు కూడా. కాని అప్పటికి సైకిళ్లు లేవు, మోటారు బండ్లు లేవు, మంచి పలుచని రబ్బరు దొరికేది కాదు. అందువల్ల లోకం ఆయనను మరచిపోయింది. ఫలితంగా డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. రిమ్ము నుండి సులభంగా ఊడదీసి మళ్లీ బిగించగల టైర్లకు ఇతరులు పొందిన పేటెంట్లను కొని కంపెనీ నిలబడింది. డన్‌లప్ మాత్రం 1895లో కంపెనీ నుండి తప్పుకున్నారు. మరుసటి ఏడాదే ఆ కంపెనీ 30 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. ఆ సంపదలో ఆయనకు దక్కింది బహు స్వల్పం.

అయితే ఆయన పని ఆగిపోలేదు. 1885లో జర్మనీలో డైమ్లర్ తయారు చేసిన తొలి మోటారు సైకిలుకు చెక్క చక్రాలే ఉండేవి. 1894లో అదే దేశంలో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ అనేవారు అమ్మకానికి తెచ్చిన మోటారు సైకిలు గాలి టైర్ల మీద నడిచింది. మన పల్లెల్లో టైరు బండి వచ్చాక ఎడ్లకు లాగుడు బరువు ఎంత తగ్గిందో మన పెద్దలకు తెలుసు. ఒక పశువైద్యునికి ఇంతకన్నా ఏం కావాలి?

మనలో చాలామంది పూర్వ విద్యార్థులు ఈరోజు ఉద్యోగాలకు బైకుల మీదనే వెళుతున్నారు. జానీ సైకిలు మెల్లగా నడిచింది కాబట్టి రెండు రకాల చక్రాలున్నా ప్రమాదం రాలేదు. మన బైకు అలా కాదు. ముందు టైరు బండిని తిప్పుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువంతా దాని మీదికే వస్తుంది. వెనుక టైరు ఇంజను బలాన్ని రోడ్డుకు అందిస్తుంది. వెనుక కూర్చున్నవారి బరువు కూడా ఎక్కువగా దాని మీదే పడుతుంది. అందుకే చాలా బైకులకు ముందు టైరు గీతలు, వెనుక టైరు గీతలు వేరుగా ఉంటాయి. వెనుక దానిలో గాలి కూడా ఎక్కువ ఉండాలి. ఈ తేడా కంపెనీ ఆలోచించి పెట్టినది.

వెనుక టైరు ముందుగా అరుగుతుంది. డబ్బు కలిసివస్తుందని కొందరు ఆ అరిగిన దానిని ముందుకు వేసుకుంటారు. బ్రేకు వేయగానే ముందుగా పట్టు దొరకవలసిన చోటనే పట్టు లేకపోతే, వర్షం పడిన రోడ్డు మీద మనిషి నిలువునా జారిపోతాడు. టైరు పక్కన 80/100-18 వంటి అంకెలుంటాయి. 80 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 100 అంటే వెడల్పులో ఎత్తు శాతం, 18 అంటే రిమ్ము అంగుళాలు. బండి పుస్తకంలో ముందుకు ఏది, వెనుకకు ఏది ఉందో అదే వేయించాలి. టైరు మీద బాణం గుర్తు ఉంటే చక్రం ముందుకు తిరిగే వైపే అది చూపాలి. రేడియల్, బయాస్ అనే రెండు రకాలను మన ఇష్టం వచ్చినట్లు కలపకూడదు. కొన్ని బండ్లకు కంపెనీయే ముందు బయాస్, వెనుక రేడియల్ ఇస్తుంది. వాటిని అలాగే ఉంచాలి. రెండు వేర్వేరు కంపెనీల టైర్లు వేయవలసి వస్తే కొలత, రకం, బరువు మోసే శక్తి బండి పుస్తకంతో సరిపోయాయో లేదో చూసుకోవాలి.

డన్‌లప్ 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లో 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కోట్ల సంపద ఇతరుల పాలైనా, ఆయన వదిలి వచ్చిన కంపెనీ ఆయన పేరునే మోసింది.

మిత్రులారా! డన్‌లప్ చదివింది పశువైద్యం. ఆయన ప్రయోగశాల ఇంటి పెరడు. పాతదానిని, కొత్తదానిని ఒకే నేల మీద దొర్లించి చూసిన తర్వాతనే ఏది మేలో నమ్మారు. మనం కూడా ఎవరో చెప్పారని కాకుండా, పోల్చి చూసి నిర్ణయించుకునే అలవాటు చేసుకుందాం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అన్నయ్య బైకు టైర్లు రెండింటినీ ఒకసారి వంగి చూడండి. మన కోసం ఎదురుచూసేవారు ఇంట్లో ఉన్నారు.