అడుగులు లెక్కించిన పంతులు

హిమాలయ సరిహద్దులపై వివాదం రేగినప్పుడల్లా ఢిల్లీలో పాత భూపటాలు బల్లలమీదికి వస్తాయి. ఏ గీత ఎవరు గీశారన్న తర్కంలో వైస్రాయిల పేర్లు, సేనానుల పేర్లు మారుమోగుతాయి. ఆ నేలను కాలినడకన కొలిచిన బడిపంతులు పేరు మాత్రం అరుదుగా వినవస్తుంది. ఆయనే నైన్ సింగ్ రావత్.

1830లో కుమావూన్ కొండల్లోని జోహార్ లోయలో, టిబెట్‌తో వర్తకం సాగించే భోటియా కుటుంబంలో నైన్ సింగ్ జన్మించాడు. యౌవనంలో ష్లాగింట్‌వైట్ సోదరులనే జర్మన్ శాస్త్రజ్ఞుల వెంట పర్యటించాడు. అనంతరం మిలం గ్రామంలో ఉపాధ్యాయుడయ్యాడు. దారులు తెలిసినవాడు, టిబెటన్ భాష వచ్చినవాడు, లెక్కలు చెప్పగలవాడు. ఈ మూడింటికీ తగిన కొలువు 1863లో సర్వే శాఖనుండి లభించింది.

యూరోపియన్లకు అప్పట్లో టిబెట్ ప్రవేశం నిషిద్ధం. అందుచేత కెప్టెన్ మాంట్‌గోమరీ స్థానికులను డెహ్రాడూన్‌లో రెండేళ్లు శిక్షణకు నియమించాడు. ఎక్కుదలలోనూ దిగుదలలోనూ ఒకే కొలత అడుగు వేయడం నైన్ సింగ్ అభ్యసించాడు. 108 పూసలుండవలసిన జపమాలలో నూరే ఉండేవి. నూరడుగులకొక పూస జారేది. ప్రార్థనాచక్రంలో మంత్రాలకు బదులు కొలతల చీటీలు దాగేవి. 1866 జనవరిలో ఆయన లాసా చేరాడు. చేతిలో డబ్బు అడుగంటగా, అక్కడి నేపాలీ వర్తకులకు లెక్కలు నేర్పి పొట్ట పోసుకున్నాడు. మారువేషం బయటపడితే ప్రాణమే పోయే చోట కూడా పంతులు పంతులుగానే బ్రతికాడు. ఆ యాత్రలో ఆయన కొలిచిన దారి సుమారు 1,200 మైళ్లు. వేసిన అడుగులు దాదాపు 25 లక్షలు.

ఇంతటి శ్రమ ఎవరికి ఉపకరించింది? నిస్సందేహంగా సామ్రాజ్యానికి. 1904లో లాసాలో ప్రవేశించిన బ్రిటిష్ సేనలకు, పండితులు దశాబ్దాలపాటు సమకూర్చిన పరిజ్ఞానం అందుబాటులో ఉంది. కొలువులో ఉన్నంతకాలం సర్కారు నివేదికల్లో ఆయన పేరు మరుగుననే ఉండి, పండితుడన్న బిరుదు మాత్రమే కనిపించేది. గోప్యత అవసరమే కావచ్చు. అయినా కీర్తి దొరలకు, కష్టం పండితునికి దక్కాయన్నది కాదనలేం.

1874-75లో లేహ్ నుండి లాసా మీదుగా తవాంగ్ దారిన అస్సాం చేరిన యాత్రే ఆయనకు చివరిది. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ స్వర్ణపతకం ప్రకటించింది. స్వతంత్ర భారతం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది 2004లో.

ఈలోగా 1962 యుద్ధంతో టిబెట్ వర్తకం ఆగిపోయి, మిలం గ్రామం చాలావరకు నిర్జనమైంది. పంతులు కొలిచిన బాటల్లో బిడారులు లేవు. ఆ పనికి యజమాని పరాయివాడే. పనిలోని నిజాయితీ మాత్రం పంతులు సొంతం. భూపటాలను బల్లమీద పరిచేవారు ఆ రెండింటినీ గుర్తుంచుకోవడం న్యాయం.