మేరీ క్యూరీ విదుషి పారిసు నివాసము

మహనీయుల చరిత్రలు చదువునపుడు వారు పొందిన బిరుదములను, బహుమానములను గూర్చియే మనము ముచ్చటించుకొందుము. ఆ కీర్తికి పునాదియైన కష్టకాలమును మఱచుచుందుము. అందుచే రేడియమును కనుగొనిన మేరీ క్యూరీ విదుషీమణి విద్యార్థిదశను మాత్రమే మేమిచట సోదరీసోదరుల యెదుట నుంచుచున్నాము.

ఈమె 1867 సం. నవంబరు 7వ తేదీన పోలండుదేశపు వార్సా నగరమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు మార్యా స్క్లొడోవ్‌స్కా. తండ్రి గణిత భౌతికశాస్త్రములు బోధించు ఉపాధ్యాయుడు. ఈమె పదియేండ్ల ప్రాయమున నుండగనే తల్లి క్షయవ్యాధిచే గతించెను. వార్సా నాడు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. అచటి విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. కావున అక్కచెల్లెండ్రిద్దఱు నొక యొడంబడిక చేసికొనిరి. అక్క బ్రోన్యా ముందుగా పారిసునకు బోయి వైద్యవిద్య నభ్యసించుట. చెల్లెలు పరుల యిండ్లలో పిల్లలకు చదువు చెప్పి యామెకు ధనము పంపుట. పిదప అక్క చెల్లెలికి తోడ్పడుట. ఆ మాటకై మార్యా కొన్నియేండ్లు స్వంత చదువును నిలిపివైచెను.

1891 సం.న నామె పారిసు చేరి సోర్బాను విద్యాపీఠమున ప్రవేశించెను. సీను నదీతీరమున నొప్పు నా నగరమున ఈఫెలు గోపురము లేచి యప్పటికి రెండేండ్లే యయ్యెను. తొలుత అక్కయింట బస చేసెను. అక్కయు బావయు ఆదరముతో చూచిరి. కాని యా యిల్లు విద్యాపీఠమునకు మిక్కిలి దూరము, ఇంట సందడియు నెక్కువ. అందుచే కొలది నెలలకే విద్యార్థులు వసించు పేటలో నొక చిన్నగదిని అద్దెకు దీసికొనెను.

ఆ గది యింటికప్పు క్రిందనే, ఆఱంతస్తుల మెట్లపైన నుండెను. చలికాలమున పొయ్యిలోనికి వలయు బొగ్గును తానే మోసికొని పోవలెను. వంటకు చిన్న స్పిరిటు దీపమొక్కటియే సాధనము. రొట్టె, ఒక గిన్నెడు చాకొలేటు, గ్రుడ్లు లేక పండ్లు — అనేక దినము లిదియే భోజనము. రాత్రి తొట్టిలోని నీరు గడ్డకట్టుచుండెను. కప్పుకొను దుప్పటి చాలక యున్న బట్టలన్నియు మీద బఱచుకొని నిద్రించుచుండెను. సాయంకాలములు వెచ్చదనమునకును దీపపు వెలుతురునకును గ్రంథాలయమున గూర్చుండి చదువుచుండెను. ఒకప్పుడు తిండి చాలక మూర్ఛిల్లగా, బావ వచ్చి తనయింటికి గొనిపోయి బలము చేకూర్చి పంపెను.

ఇట్టి గదిలోనుండియే యామె 1893 సం.న భౌతికశాస్త్ర పట్టపరీక్షలో ప్రథమురాలుగను, 1894 సం.న గణితమున ద్వితీయురాలుగను ఉత్తీర్ణురాలయ్యెను. ఆ యేకాంతవాసమునే తన జీవితమున నుత్తమకాలములలో నొకటిగా తరువాత తలంచుకొనెను.

నడుమ ధనము చాలక చదువు నిలిచిపోవునేమో యను భయము కలిగినపుడు, అలెగ్జాండ్రోవిచ్ పేర వెలసిన విద్యార్థివేతనము ఆఱువందల రూబుళ్లు లభించి యామెను నిలిపెను. అది మరల చెల్లింపవలసిన ఋణము కాదు. అయినను ఉక్కుల అయస్కాంతగుణమును పరిశోధించుటకు తనకు దొరకిన తొలిసంపాదననుండి యా మొత్తమునంతను తిరిగి చెల్లించెను. తనవలెనే పేదయైన మఱియొక విద్యార్థికి అది యందవలెనని యామె యుద్దేశము. నిధి నిర్వాహకు లట్టిదాని నెఱుగక యాశ్చర్యపడిరి.

1895 సం.న పియరీ క్యూరీని వివాహమాడుట, 1898 సం.న పొలోనియము, రేడియములను కనుగొనుట, 1903, 1911 సం.లలో నోబెలు బహుమానములు పొందుట లోకవిదితములు. 1934 సం. జూలై 4వ తేదీన కీర్తిశేషురాలయ్యెను.

దాతలారా! పేదవిద్యార్థికి మీరిచ్చు కొలదిపాటి సాయము ఎంతటి మేధను చదువులో నిలుపగలదో ఈ చరిత్రవలన గ్రహింపుడు. వేతనములు పొందు సోదరీసోదరులారా! మీకు చేయూతయైన ధనము మీతోనే ముగియకుండ, మీవెనుక మెట్లెక్కి వచ్చువారికిని అందునట్లు చూడుడని మా ప్రార్థన.