శూన్యాన్ని సాధించిన స్వామీజీ

మన ఆకివీడుకు దగ్గరలోని భీమవరం ప్రాంతంలో గొరగనమూడి అనే గ్రామం ఉంది. 1896 డిసెంబరు 5న అక్కడ భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించారు. యౌవనంలోనే ఇల్లు విడిచి, హిమాలయాల్లో యోగసాధన చేసి, స్వామి జ్ఞానానంద అయ్యారు. 1927లో జర్మనీ వెళ్ళారు. అక్కడ ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి ఆకర్షితులై, ముప్పై ఏళ్ళు దాటాక భౌతికశాస్త్రం చదవడం మొదలుపెట్టారు.

ప్రేగ్‌లో ఎక్స్ కిరణాలపైన, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ వద్ద బీటా కిరణాలపైన పరిశోధనలు చేశారు. ఇటువంటి పరిశోధనలకు గాలి తీసివేసిన గొట్టాలు కావాలి. అలా శూన్యాన్ని సృష్టించే విద్యపై 1947లో హై వాక్వా అనే గ్రంథం వెలువరించారు.

గాలిని లాగే వాక్యూమ్ పంపు బల్బుల తయారీకి పనికొస్తుంది. అణుబాంబుకు కావలసిన యురేనియం శుద్ధికీ పనికొస్తుంది. ఇలాంటి వాటిని ద్వంద్వ ప్రయోజన వస్తువులు అంటారు. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత కొన్ని దేశాలు అణు సరఫరాదారుల బృందంగా ఏర్పడ్డాయి. 1992లో ఆ బృందం తయారుచేసిన జాబితాలో శక్తిమంతమైన వాక్యూమ్ పంపులూ ఉన్నాయి. లైసెన్సు లేనిదే వాటిని ఎగుమతి చేయరాదు. మన దేశం కూడా ఇటువంటి సరుకులకు స్కోమెట్ అనే జాబితా పెట్టింది. అందరికీ దొరికే పుస్తకంలోని చదువుకు మాత్రం ఆ లైసెన్సు అక్కర్లేదు.

స్వామీజీ ఆ చదువును స్వదేశానికి తెచ్చారు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేసి, 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, అణు భౌతికశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దారు. 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. అక్కడి ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు.

మిత్రులారా! యంత్రాన్ని ఓడరేవులో ఆపవచ్చు. నేర్చుకున్న విద్యను మన నుంచి ఎవరూ తీసుకోలేరు. అయితే ఆ పంపులాగే విద్య కూడా మేలుకీ కీడుకీ పనికొస్తుంది. దాన్ని మేలుకే వాడే బాధ్యత మనదే.